సూది కింద గుడ్డముక్క

దయ్యాలు గియ్యాలు అంటే నాకు నవ్వొస్తది. ఇరవై ఏండ్ల సంది కొత్తగూడెంల టైలరింగ్ షాపు నడుపుతున్న. "రాత్రి మిషన్ దానంతటదే తిరిగిందక్కా" అని ఎవరన్న చెప్తే, "మోటరు స్విచ్ ఆపినవో లేదో చూసుకో తల్లీ" అనేదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నన్ను గట్లనే అంటరు. అనున్రి. చూసింది చూసినట్టు చెప్త, అంతే.

మా మస్తానన్న కుట్టుమిషన్ల మెకానిక్. నాకంటే ఆరేండ్లు పెద్ద. సూరత్, భివండి, తిరుప్పూర్, ఎక్కడ బట్టల పనుంటే అక్కడికి పోయిండు. దేశమంతా తిరిగొచ్చి, ఆఖరికి పాత బండికి సంచి కట్టుకుని అశ్వారావుపేట నుంచి చర్ల దాక అడవి ఊర్లు పట్టుకున్నడు. పెండ్లి చేసుకోలే. నీ ఇల్లెక్కడ అని ఎవరన్న అడిగితే, "ఎక్కడ మిషన్ ఆగితే అక్కడ" అనేటోడు. కోయ ఊర్లల వాళ్ల భాషలనే పలకరించేటోడు, సగం తప్పులే. ఆ తప్పులకే ఆడోళ్లు పడీపడీ నవ్వేటోళ్లు. ఇంటికొచ్చేటప్పుడు సంచిల తేనె సీసానో, ఇప్పపువ్వో ఉండేది.

ఆయనకొక అలవాటు. మిషన్ బాగుచేసినంక తన పాత లుంగీ ముక్క సూది కింద పెట్టి, నాలుగు కుట్లు వేసి, అట్లనే వదిలి పోయేటోడు. ఖాళీ మిషన్ తొక్కితే గుడ్డను ముందుకు జరిపే కింది పండ్లు అరుగుతయి అనేటోడు. ఆ ముక్క కనబడితే మస్తాన్ వచ్చిపోయిండని లెక్క. ఇంట్ల ఎవరు లేకున్నా తలుపు నెట్టుకపోయి పనిచేసి పోయేంత నమ్మకం ఆయన మీద.

పోయిన ఎండాకాలం చర్ల అవతల ఒక ఊర్ల ముత్తమ్మ అనే ఆమె మిషన్ విప్పుకుని కూసున్నడు. ముత్తమ్మకు మొగడు లేడు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మొదటిసారి ఆమె చేతికొచ్చింది. బడి తెరిచేలోపు ఇయ్యకపోతే అది ఇంకొకరికి పోతది. మిషన్ సగం విప్పంగనే అన్నకు ఛాతిల నొప్పొచ్చింది. బోల్టులు గిన్నెలనే ఉండిపోయినయి. ఊరోళ్లు ఆటోల భద్రాచలం తెచ్చిన్రు. అక్కడి నుంచి ఖమ్మం దవాఖానకు.

పదకొండు రోజులున్నం. నేను కొన్న కొత్త నీలం గళ్ల లుంగీ కట్టుకున్నడు. అది మంచం ఇనుముకు తట్టి మూలకు చిరిగితే, నా పర్సుల ఉన్న ఎర్ర దారంతోనే కుట్టిన. "ఏంది చెల్లె, నీలం లుంగీకి ఎర్ర దారమా? టైలరమ్మ ఇజ్జత్ పోతది" అని నవ్విండు.

నవ్వు ఆగంగనే మళ్ల అదే పాట. ముత్తమ్మ మిషన్, బోల్టులు. మాటిచ్చిన చెల్లె, బడి తెరుస్తరు, నువ్వన్న పోయి చూడు అని. నాకు కోపమొచ్చింది. పానం మీదికొస్తే మిషన్ గోలేంది! "నేనెందుకు పోత? లేచి నువ్వే పోయి చేద్దువులే" అని కసిరిన. "సరే" అని అటు తిరిగి పండుకున్నడు. తెల్లారేసరికి పానం పోయింది.

ఆ మాట నన్ను లోపల్లోపల తినేసింది. లుంగీ ఉతికి నా ఇనుప పెట్టెల పెట్టి తాళమేసిన. అన్న పేరున నలభై రోజుల ఫాతెహా చదివించేదాక ఇల్లు కదల్లే. తర్వాత అన్న సంచి భుజానేసుకుని బయలెల్లిన. మిషన్ బిగించుడు నాకు అంతంతమాత్రమే. అప్పటికే బడి తెరిచి నాలుగు రోజులైంది. ముత్తమ్మకు మొకమెట్ల చూపించాలె అని బస్సుల ఒకటే గుబులు.

నేనెవరో చెప్పంగనే ముత్తమ్మ చెయ్యి పట్టుకున్నది. "ఏడీ మీ అన్న? అన్నం కూడ తినకుండ పోయిండు. ఈసారి రానియ్యి, చెప్త ఆయన సంగతి!"

నాకేం సమజ్ కాలే. లోపలికి తీసుకపోయింది. మిషన్ బిగించి ఉన్నది. యూనిఫారాలు అన్నీ కుట్టి ఇచ్చేసిందట. మే నెల చివరల ఒక గురువారం ఊరంతా సంతకు పోయొచ్చేసరికి బోల్టుల గిన్నె ఖాళీగ ఉన్నదట. తొక్కితే మిషన్ గాలి లెక్క తిరిగిందట. మస్తానన్నకు బాగై వచ్చి పోయిండనుకున్నదామె. లెక్క చూసుకుంటే, అన్నను మట్టిల పెట్టి అప్పటికి పదహారు రోజులు.

ఇంకెవరన్న చేసిన్రా అని ఇల్లిల్లు అడిగిన. ఆ పని తెలిసినోళ్లు చుట్టుపక్కల లేరన్నరు. అప్పుడు ముత్తమ్మ సూది కింద నుంచి గుడ్డముక్క తీసి నా చేతిల పెట్టింది. ఆయన పెట్టిందే, రోజు పనైనంక మళ్ల అదే పెడుతున్న అన్నది.

నీలం గళ్లు. నడుమ ఎర్ర దారం, వంకర కుట్టు. దవాఖానల మంచం అంచున కూసుని ఆగమాగం నేను వేసిన కుట్టు. ఎవరి కుట్టు వాళ్లకు తెల్వదా?

అన్న పోయిన సంగతి అప్పుడు చెప్పిన. ముత్తమ్మ నన్ను పట్టుకుని చానసేపు ఏడ్చింది. ఏడ్చి, లేచి, అన్నం వండింది. "అన్నకు పెట్టలే. నువ్వన్న తిను బిడ్డా" అన్నది. కడుపునిండ తిన్న. నలభై రోజుల్ల అదే మొదటిసారి.

ఇంటికొచ్చి పెట్టె తెరిచిన. లుంగీ పెట్టిన మడతల పెట్టినట్టే ఉన్నది. కుట్టిన మూల లేదు. ఎలుక కొరికితే పీచులు పీచులైతది. ఇది కత్తెర కోత, సూటిగ ఉన్నది. తాళంచెవి మొదటి రోజు సంది నా కొంగుకే ఉన్నది.

ఇగ మీరేమన్న అనున్రి. భయం మాత్రం కాలే, ఒట్టు. ఆ ముక్కను నేను తెచ్చుకోలే, ముత్తమ్మ సూది కిందనే పెట్టి వచ్చిన. గట్లాంటి అన్నకు చెల్లెనై పుట్టినందుకు రోజు అల్లాకు షుక్రియా చెప్పుకుంట. ఆఖరికి కసిరి పంపిస్తినే అని ఎంత ఏడ్చిన్నో నాకే తెలుసు. లేచి నువ్వే పోయి చేద్దువులే అంటి. సరే అన్నడు. పోయి చేసిండు.