జాకీ లేని గుర్రానికి మైసూర్‌పాకు

నా ఉద్యోగం గుర్రపు డెక్కల కింద పడి నలిగిపోబోయిన ఒక ఆదివారం గురించి చెబుతాను. ముందే మనవి చేసుకుంటున్నాను, ఇందులో గుర్రం తప్పేమీ లేదు. తప్పంతా నా నోటిది, ఆపైన నా చేతిది.

అప్పటికి జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో కార్లు పరీక్షించే ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. ఇక్కడ మొదటి ఆరు నెలలూ ప్రొబెట్‌సైట్, అంటే మనల్ని ఉంచుకోవాలో సాగనంపాలో వాళ్ళు చూసుకునే కాలం. అది తేల్చేది మా బాస్ సబీనా. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ, "ఆదివారం మా అన్న కొడుకు లూకాస్ గుర్రప్పందెంలో దిగుతున్నాడు. కంచెలు దూకే పందెం. ఎవరైనా వస్తారా?" అంది.

"నేను పుట్టి పెరిగిందే మలక్‌పేట రేస్‌కోర్సు పక్కన మేడం!" అన్నాను. అబద్ధం కాదు. కాకపోతే అన్నేళ్ళలో నేను చూసింది దాని గోడ మాత్రమే.

"అయితే కొత్తవాళ్ళకి నువ్వే వివరించు!" అని ఆవిడ సంబరపడిపోయింది.

పక్కనే ఉన్న మా ఆఫీసు కరీంనగర్ శ్రీను నా చెవిలో, "నీకేం ఎరుకరా? గుర్రాన్ని పెండ్లి బరాత్‌ల తప్ప యాడన్న జూసినవా?" అని గొణిగాడు.

"ఊకోరా నువ్వు. గుర్రాలు ఉర్కుతయి, ముందొచ్చింది గెలుస్తది. గింతదానికి చదువుకోవాల్నా?"

ఆదివారం టోపీ పెట్టుకుని, శ్రీనుని వెంటబెట్టుకుని, వాడు చేసిన మైసూర్‌పాకు డబ్బా పట్టుకుని బయల్దేరాను. రైల్లో ఫోన్ చూసి నేర్చుకున్నదంతా మైదానంలో సహోద్యోగులకి ఒప్పజెప్పాను. "మామూలు పందెంలో వేగం ఉంటే చాలు. ఇందులో పొదల కంచెలూ నీళ్ళ గుంటా దూకాలి. గుర్రం తొందరపడి ముందే ఎగిరినా కష్టమే, ఆలస్యం చేసినా కష్టమే."

"బాగా చెప్పావు. ఇంకొకటి, జాకీ గనక..." అంటూ సబీనా అందుకోబోయింది.

"తెలుసు మేడం, తెలుసు!" అని ఆపేశాను. చూశారా, బాస్ నోరు మూయించడం అక్కడే మొదలైంది.

పందెం మొదలైంది. లూకాస్ గుర్రానిది ఏడో నంబరు. నీళ్ళ గుంట దగ్గర గుర్రాలన్నీ జనం వెనక మరుగయ్యాయి. మళ్ళీ కనబడేసరికి మన ఏడో నంబరు ఏ బరువూ లేనట్టు దూసుకొస్తోంది! నా కళ్ళు ఆ నంబరు మీదే. "దా! దా! దా!" అని గొంతు చించుకున్నాను. అందరికంటే ముందు గీత దాటేసింది.

చుట్టూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాపం, వీళ్ళకి సంతోషించడం కూడా రాదనుకున్నాను. మనమేమో శుభవార్త వింటే నోరు తీపి చేయకుండా ఉండలేం కదా. డబ్బాలోంచి అన్నిటికంటే పెద్ద ముక్క తీసి, "మన లూకాస్ గెలిచాడు!" అంటూ సబీనా నోట్లో కుక్కేశాను.

ఆవిడ కళ్ళు గుడ్లగూబ కళ్ళంత అయ్యాయి. శ్రీను మైసూర్‌పాకు ఒకసారి పళ్ళకి పట్టుకుందంటే మాట బయటికి రాదు. ఆవిడ వేలెత్తి నీళ్ళ గుంట వైపు చూపించింది. అక్కణ్ణుంచి లూకాస్ బురదలో ముంచి తీసినట్టు, నవ్వుతూ నడిచొస్తున్నాడు.

"అరేయ్, గుర్రం మీద మనిషేడిరా?" అన్నాడు శ్రీను.

ఎట్టకేలకు సబీనా మింగింది. "జాకీ పడిపోతే ఆ గుర్రం పందెంలో లేనట్టే. ఇందాక చెప్పబోయింది అదే. ఆఫీసులో కార్ల పరీక్షలూ ఇలాగే చేస్తున్నావా? గీత దాటితే చాలా, నడిపేవాడు ఉన్నాడో లేడో చూడవా?"

నాకు ఇండియా విమానం కళ్ళ ముందు కనబడింది. భయం వేసింది, నిజంగానే. కానీ నా నోరు నా మాట ఏనాడు విన్నది కనక!

"మన టీమ్ తయారు చేస్తున్నదే డ్రైవర్ లేని కారు కదా మేడం? అలవాటైపోయింది!"

ముందు లూకాస్ నవ్వాడు. తర్వాత సబీనా ఎంత నవ్విందంటే, నోట్లో మిగిలిన మైసూర్‌పాకు పొడి ఎగిరి నా టోపీ మీద పడింది. మరుసటి నెల ఉద్యోగం ఖాయం చేసింది, గుర్రాల గురించి ఎవరికీ పాఠం చెప్పకూడదన్న షరతుతో.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గుర్రం గెలిచినా, వీపు మీద మనిషి ఉన్నాడని రెండు కళ్ళతో చూసి, అతని పేరడిగి తెలుసుకున్నాకే స్వీటు డబ్బా మూత తీస్తాను. అప్పుడు కూడా చేతికే ఇస్తాను.