వంకలో కట్టిన హాలు

వరద మీటింగుకని పంచాయితీ ఆఫీసులోకి అడుగుపెట్టగానే కొత్త ఫ్లెక్సు వాసన గుప్పుమంది. గోడ నిండా మా ఊరి మ్యాపు, దాని పైన, మాది తెలుగూరైనా తమిళనాడే కాబట్టి, పెద్ద పెద్ద తమిళ అక్షరాల్లో విపత్తు నిర్వహణ ప్రణాళిక అని రాసి ఉంది. వరదొస్తే ఎవరు ఎటు పోవాలో బాణాలు గీశారు. అన్ని బాణాలూ పోయి ఆగేది ఒక ఎర్ర ఇంటి బొమ్మ దగ్గర. అది కొత్తగా కట్టిన వరద సహాయ హాలు. మ్యాపులో హైవే ఉంది, సెల్ టవరుంది, రేషన్ షాపు కూడా ఉంది. చెరువు నిండి మొరవ పోతే, అంటే అలుగు పారితే, కింది చెరువు దాకా ఆ నీళ్ళు పారే వంక మాత్రం లేదు. హాలు కట్టింది సరిగ్గా ఆ వంక నడుమ. చూడగానే నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ చల్లారలేదు.

నా చిన్నప్పుడు ఆ వంకను కనిపెట్టుకుని ఉన్నది మా తాత. ఆయనకు జీతం లేదు, సీలు లేదు, ఉన్నదల్లా చెయ్యెత్తు కట్టె ఒకటి, ఊరందరినీ తిట్టగల నోరు ఒకటి. ఉగాది ఓళిగల తీపి నోట్లో ఆరకముందే, మామిడి పిందెలు వేడిగాలికి రాలి కాళ్ళకింద చిటపటలాడే రోజుల్లో, మా ఊళ్ళో వంక తొక్కించేవాళ్ళు. చుట్టుపక్కల మూడూళ్ళ గొర్రెలూ మేకలూ తెల్లారేసరికి మొరవ దగ్గర చేరితే, వాటిని ఎండిన వంకలోకి దించి కింది చెరువు దాకా మెల్లగా మేపుకుంటూ తోలేవాళ్ళు. ఆ ఏడాది వంకలో మొలిచిన తుమ్మ మొలకలూ రేగు కంపలూ జీవాల నోట్లోకి పోయేవి, మిగిలినవి గిట్టల కింద నలిగేవి. వాటి వెనకాల ఇంటికొకరు పారలు పట్టుకుని మేట వేసిన మన్ను ఎత్తి గట్టుమీద పోసేవాళ్ళు. దుమ్మూ, మేక కంపూ, నలిగిన ఆకుల పసరు వాసనా కలిసి ఊరంతా కమ్ముకునేవి. మధ్యాహ్నం చింతచెట్ల కింద రాగి సంగటి, ఉలవల సారు, నంజుకోవడానికి ఉప్పూ కారం అద్దిన పచ్చి మామిడికాయ. మేము ఆ ఇసుకలో చిల్లాకట్టె ఆడి ఆడి ఇంటికి పోతే, స్నానం చేసేదాకా మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు.

సాయంత్రానికి మందను పక్కనున్న దిన్నె ఎక్కించేవాళ్ళు. ఎంత ఎండాకాలమైనా వంకలో మాత్రం పండబెట్టేవాళ్ళు కాదు. వానే లేదు గదా, ఎందుకని నేనొకసారి తాతను అడిగాను.

"నీళ్ళు పోయే దోవలో పండుకున్నోడు పొద్దున లేస్తాడని ఏం నమ్మకమప్పా" అన్నాడు.

మామిడికాయలు నింపుకుని కృష్ణగిరి మండీకి పోయే లారీలను చూసి మా నాయనకు ఆశ పుట్టింది. మా చేను ఆనుకుని వంక వెడల్పుగా ఉన్న చోట మామిడి అంట్లు నాటి, చుట్టూ ముళ్ళకంప కట్టాడు. వంక తొక్కించే రోజు మా తాత ఆ కంపను తన చేత్తోనే లాగి పక్కన పడేసి మేకలను లోపలికి తోలాడు. మా నాయన గట్టుమీద నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

"నా కొడుకు చెట్లని నీళ్ళు పక్కకు పోతాయా?" అన్నాడు తాత, అందరికీ వినబడేట్టు.

ఆ కాయల కాలం అయిపోయేదాకా నాయన ఆయనతో మాట్లాడలేదు. అప్పుడే కొత్తగా కాపురానికి వచ్చిన మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, ఇద్దరి మధ్యా మాటలు మోసింది. తాతకు సంగటి పెట్టి, నాయనకు నచ్చజెప్పి, గడపకు ఇవతల ఒకరూ అవతల ఒకరూ కూర్చున్న ఇంటిని ఆమే నడిపింది. ఆ యేడు వచ్చిన పెద్దవానకు వంక పగలంతా హోరెత్తి పారింది గానీ ఒక్క ఇంట్లో కూడా పొయ్యి ఆరలేదు.

తాత పోయాక నాయన అంట్లు మళ్ళీ నాటాడు. ఈసారి కంప లాగేవాళ్ళు లేరు. మమ్మల్ని చూసి పక్కవాళ్ళూ నాటారు. జీవాలున్నవాళ్ళు వాటిని అమ్ముకుని హోసూరు ఫ్యాక్టరీలకు బస్సెక్కారు. ఆ చెట్ల కాయలు నేనూ లొట్టలేసుకుని తిన్నాను. తప్పంతా ఆఫీసువాళ్ళదే అనడానికి నాకు నోరు రాదు. కానీ మేము మూర్ఖులమై చేసినదాన్ని వాళ్ళు స్టాంపు వేసి మరీ చేశారు. రికార్డులో ఆ వంక ఉత్త పొరంబోకు, అంటే ఎవరిదీ కాని సర్కారు భూమి. కొనక్కర్లేదు కాబట్టి మొదట అక్కడే కాలనీకి పట్టాలిచ్చారు. చిన్నాయన పోయాక చిన్నమ్మ ఆ కాలనీలోనే ఇల్లు కట్టుకుంది. పోయినేటి వానలకు మోకాటి లోతు నీళ్ళలో, రేషన్ కార్డు ఒళ్ళో పెట్టుకుని మంచమ్మీద కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ప్రణాళిక వేశారు, ఆ ఆకులు కూడా పొయ్యిలోవే పట్టుకున్నారు.

ఆ మీటింగులో లేచి, హాలు వంకలో ఉంది సార్, ముందు మునిగేది అదే అన్నాను. పైనుంచి వచ్చిన ఆఫీసరు ఫైలు తిరగేశాడు.

"రికార్డులో ఈడ వంక లేదప్పా. పొరంబోకు అనే ఉండాది. వేరే చోట మాకు స్థలం ఎవురిస్తారు? నువ్విస్తావా?"

అందరూ నవ్వారు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది నా మాట. తర్వాత టీ ఇచ్చారు, వడ ఇచ్చారు, వచ్చినవాళ్ళంతా రిజిస్టరులో సంతకం పెట్టాలన్నారు. పేజీ పై సగం ఖాళీగా ఉంది. మా ఊళ్ళో ఎప్పుడూ అంతే, హాజరు కదా అని పెట్టేస్తాం. నేనూ పెట్టాను. ఆ ఖాళీలో వాళ్ళు తర్వాత ఏం రాసుకున్నారో హాలు తలుపుకు కాగితం అంటించినప్పుడు గానీ తెలియలేదు. హాలు స్థలం సురక్షితమని గ్రామస్థులందరూ ఒప్పుకున్నారట.

నిన్న కాలనీకి పోయాను. వానొస్తే హాలుకు పోవద్దని చిన్నమ్మకు చెప్పాలనే పోయాను. నేను నోరు తెరవకముందే ఆమే ఎత్తుకుంది.

"నాకు శానా బయంగా ఉన్నిందప్పా, వంకలో హాలేందని. నా మనవరాలు ఆ కాగితం చదివి చెప్పింది, నువ్వూ సంతకం పెట్టినావంట గదా. మీ తాత మనవడివి, నీకు తెలీకుండా పెడతావా? ఇంక బయం లేదు. వానొస్తే ఆడికే పోతాను."

"ఆడికి మాత్రం పోవద్దు చిన్నమ్మా" అన్నాను.

"మరి యాడికి పోవాల?"

తాత మందను ఎక్కించిన దిన్నె ఇప్పుడు ప్లాట్లయింది. చుట్టూ నిలువెత్తు గోడ కట్టి గేటుకు తాళం వేశారు.