ఎర్ర ఓడ, నీలం ఓడ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ దేని ధరా అడిగేవాళ్లం కాదు. అడగవలసిన అవసరం లేని కాలంలో పడిన అలవాటది. అడక్కపోతే గడవని కాలం వచ్చాక కూడా అది మమ్మల్ని వదిలిపెట్టలేదు. కోస్గి దగ్గర మాకొక గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. (అందులో చాలా భాగం అప్పటికే కూలిపోయింది. నిలబడి ఉన్న నాలుగు గదులనే మేము గడి అనేవాళ్లం, ఊరివాళ్లు మర్యాదకొద్దీ కాదనేవాళ్లు కాదు.) కౌలు చట్టం వచ్చి భూములు దున్నేవాళ్ల పాలయ్యాయి. చెరువు పక్కన మామిడితోట ఒక్కటి మిగిలింది. ఏడాది పొడుగునా మా తిండీ, నా చదువూ, అవ్వ మందులూ అన్నీ ఆ చెట్ల మీదే వేలాడుతుండేవి. ఇన్ని పోయినా మా బాపు (నాన్న) వెన్ను మాత్రం వంగలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చోవడం ఆయనకు చేతకాదు, నాకూ చేతకాదు. ఇప్పటికీ కొత్త డాక్టరెవరైనా నన్ను చూస్తే నడుముకేమైనా దెబ్బ తగిలిందా అని అడుగుతాడు. వంశపారంపర్యం అని చెబుతాను. దానికి మందు లేదంటాడు.

మా గడికి పూర్వం నుంచీ ఒక రివాజు ఉంది. దొర పండుకునే గది నెత్తిమీద మనిషి అడుగు పడకూడదు. ఊళ్లో ఎవరూ మా మిద్దెను మించి కట్టకూడదు, మా వాకిట్లో ఎవరూ ఎత్తు పీట మీద కూర్చోకూడదు. ఊళ్లో ఇళ్లు లేచాయి, పీటల సంగతి ఎవరికీ గుర్తులేదు, కానీ బాపు పడకగది రివాజు మాత్రం చెక్కుచెదరలేదు. చెదరలేదనే మేమంతా చెప్పుకునేవాళ్లం. అసలు సంగతేమిటంటే, సరిగ్గా ఆ గది మీదున్న పై గదిని మా అవ్వ (బాపు తల్లి) బడి పంతులు ఒకాయనకు కిరాయికిచ్చింది. మాస్టరు నేత నేసేవాళ్ల ఇంటి బిడ్డ. వాళ్ల తాత మా గడి ముందు నుంచి పోవలసి వస్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకొని పోయేవాడట. ఆయన మనవడు మా బాపు నెత్తిమీద కాపురం పెట్టాడు. దీన్ని బాపు ఒప్పుకోలేడు, కిరాయి లేకపోతే ఇల్లు గడవదు. అందుకని ఇంట్లో మాటల్లేని ఒప్పందం ఒకటి కుదిరింది. పైనుంచి చప్పుడైతే బాపు తలెత్తకుండా "కోతులొచ్చినయి" అనేవాడు. "ఔ బిడ్డా, కోతులే" అనేది అవ్వ. ఆ కోతులు తెల్లవారగానే చెంబుతో స్నానం చేసేవి, సాయంత్రాలు శతక పద్యాలు రాగం తీసి చదివేవి.

అరవైలు మొదలైన కొత్తలో భువనగిరిలో చుట్టాల పెళ్లికి పోయాం. అక్కడికి మా భువనగిరి మామ కూడా వచ్చాడు. బాపుకు వరసకు బావ, చిన్నప్పటి నుంచీ పోటీ. ఆయన ఓడెక్కి లండను పోయి అప్పటికే రెండేళ్లు దాటినా ఇంకా అక్కడినుంచి పూర్తిగా దిగలేదు. పందిట్లో గుట్ట నీడన కూర్చుని పొద్దుటి నుంచీ లండను చలి, లండను బస్సులు, లండను చాయ. బాపు నిటారుగా కూర్చుని విన్నాడు. భోజనాల దగ్గర మామ అందరికీ వినబడేట్టు అడిగాడు.

"బావా, నువ్వు ఇంతవరకు సముద్రం చూడలేదు కదా?"

బాపు చెయ్యి కడుక్కుని, తువాలుతో మెల్లగా తుడుచుకుని చెప్పాడు.

"మేము వెస్టిండీస్ దీవులు తిరుగపోతున్నం బావా. నెలల తరబడి ఓడ మీదనే. నువ్వు పోయిన లండను కాడ మేము ఓడ మారుతం."

ఆ దీవుల సంగతి ఆయన నోటికి రావడానికి కారణం నేనే. హైదరాబాదులో పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి కొనుక్కొచ్చి, అందులో ఓడ ప్రకటన చూపించి, మన దేశానికొచ్చి పిడుగుల్లాంటి బంతులు వేసిపోయిన ఆ క్రికెట్ ఆటగాళ్ల దేశం ఇదే బాపూ అని చదివి వినిపించాను. ఆయన వింటున్నాడని కూడా అనుకోలేదు. మామ తేరుకుని, ఏ ఓడ అని అడిగాడు. రెండు చూస్తున్నామనీ, ఇంకా ఖాయం చెయ్యలేదనీ, ఆ పని తన కొడుకు చూస్తున్నాడనీ బాపు చెప్పాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను వెన్ను ఇంకాస్త నిటారు చేశాను. ఆ క్షణంలో నాకు తోచిన సహాయం అదొక్కటే. ఓడ ఖాయం కాగానే కబురు పెట్టమనీ, తానే స్వయంగా బొంబాయి దాకా వచ్చి పూలదండ వేసి సాగనంపుతాననీ మామ అందరి ముందూ చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో షాద్‌నగర్‌లో బస్సు ఆగింది. బాపు చాయ తాగుతూ, రేపే బొంబాయి ఓడల కంపెనీకి రాయమన్నాడు. తోట అమ్మితే తప్ప అది అయ్యే పని కాదని నేను నసిగాను. "మాట నోట్లెకెళ్లి వచ్చింది. తోట ఆడనే ఉన్నది, ఏడికి పోతది?" అన్నాడు. తోట ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలుసు. నూనె మిల్లు సావుకారు ఒకాయన ఎన్నాళ్లుగానో దాని మీద కన్నేసి ఉన్నాడు. మరుసటి వారమే వచ్చి, చెట్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి, ఒక కొమ్మ వంచి చూసి, తొందరేం లేదు దొరా, దసరా దాటినాక చెప్పండి అని పోయాడు. తొందరేం లేదని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు గుండె దడ.

బొంబాయి నుంచి రంగుల పుస్తకాలు రెండు వచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే ఏడాది కట్టిన రెండు ఓడలు. ఒకదాని అట్ట ఎరుపు, ఒకదాని అట్ట నీలం. వాటి ఇంగ్లీషు పేర్లు బాపు నాలుకకు లొంగలేదు కాబట్టి మాకవి ఎర్ర ఓడ, నీలం ఓడ అయ్యాయి. నేను వరండాలో కూర్చుని అర్థం చెబుతుంటే బాపు కళ్లు మూసుకుని వినేవాడు. ఎర్ర ఓడ ఎక్కువ దీవుల్లో ఆగుతుంది, ఒక్కో దీవిలో తక్కువ సేపుంటుంది. నీలం ఓడ తక్కువ దీవుల్లో ఆగుతుంది, ఒక్కోదాంట్లో తనివితీరా ఉంటుంది. ఎర్రదానిలో ఈతకొలను ముందు భాగంలో, నీలందానిలో వెనక. అంతకు మించి తేడా ఏమీ లేదు. అదే తిండి, అదే బ్యాండు, రెండు పుస్తకాల్లోనూ గొడుగు కింద కూర్చుని నవ్వుతున్నది అదే దొరసాని.

బాపు జీవితంలో తన చేత్తో ఏరి కొన్నవి ఎద్దులు మాత్రమే. కనుక ఓడల్నీ అలాగే ఏరాడు. జోడెడ్లను సంతలో ఎలా చూస్తారో అలా రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, కాస్త దూరం పోయి, తల వంచి చూసేవాడు. నడక ఎలా ఉంటుందని అడిగేవాడు. వయసెంతని అడిగేవాడు. ఒకరోజు హఠాత్తుగా, "అన్నీ పక్కకెళ్లి తీసిన పటాలే ఉన్నయేందిరా? ఎన్కనుంచి చూపెట్టని ఎద్దును ఎవడన్న కొంటడా?" అన్నాడు. అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"బిడ్డా, నీకు ఇంగ్లీషు చదువు చెప్పించింది దేనికిరా? గా రెంట్ల ఏది మంచిదో తేలకుంట చూడు."

అంతే, నా ఉద్యోగం ఖాయమైంది. (నా జీవితంలో మొదటిది. ఆ తరువాత చేసిన సర్కారు నౌకరీలో ఈ అనుభవం చాలా పనికొచ్చింది.) రెండు ఓడల వెనకభాగం ఫొటోలు పంపమని కంపెనీకి రాశాను. పాపం, పంపారు. బాపు ఎర్రదాని వెనకభాగం బాగుందన్నాడు. వెంటనే నేను నీలందాని వంటశాల శుభ్రత గురించి ఒక పేరా చదివాను. ఆయన నీలందానివైపు ఒరిగితే ఎర్రదానిలో గాలి వెలుతురు ఎక్కువని చెప్పేవాణ్ని. అవ్వ తనవంతు సాయం చేసింది. కారం నూరుకోవడానికి రోలు పెట్టుకోనిస్తారా? పండుకుంటే తల ఉత్తరం వైపు రాకుండా ఓడను కాస్త తిప్పుతారా? ఇవన్నీ నేను అచ్చమైన ఇంగ్లీషులో రాసి పంపేవాణ్ని. జవాబు వచ్చేలోపల ఒక నెల గడిచేది. తిప్పడం కుదరదని కంపెనీవాళ్లు ఎంతో విచారం వెలిబుచ్చారు.

కానీ దసరా మాత్రం ఏ ఓడకోసమూ ఆగలేదు. పండుగ మర్నాడు జమ్మి ఇచ్చిపుచ్చుకోవడానికి వస్తున్నాననీ, ఏ ఓడో అప్పుడు వింటాననీ మామ కబురు పంపాడు. అదే సాయంత్రం వస్తానని సావుకారూ కబురు పంపాడు. బాపు ఆ రాత్రి అన్నం కలిపి వదిలేశాడు. ఆయనకు ఓడెక్కాలని లేదని నాకప్పుడు అర్థమైంది. చెరువులో పడవెక్కడానికి కూడా ఇష్టపడని మనిషి. ఎక్కనని చెప్పే దారి లేక ఎక్కుతున్నాడు. తోటలోంచి ఆ ఏడు వచ్చిన మామిడికాయ పచ్చడి కంచంలో అలాగే ఉండిపోయింది.

మామ వచ్చాడు. జమ్మి ఆకు పెట్టి, ఒకరినొకరు కౌగలించుకుని అలయ్ బలయ్ తీసుకున్నారు. బాపు పడకగదిలోనే మంచం మీద కంపెనీవాళ్లు చివరగా పంపిన పెద్ద కాగితం పరిచాను. ఎర్ర ఓడను నిలువునా కోస్తే లోపల ఏ అంతస్తులో ఏ గది ఉంటుందో చూపించే పటం అది. మామ కళ్లజోడు పెట్టుకుని, మీ గదేది అల్లుడా అన్నాడు. కిందినుంచి రెండో అంతస్తులో ఒక చిన్న గది మీద వేలు పెట్టాను. తోట మొత్తం అమ్మితే అక్కడిదాకా చేరుకోగలం.

బాపు వంగి చూశాడు. ఆయన వంగడం నేను అరుదుగా చూశాను.

"దీని మీద ఏమున్నది?"

"ఇంకో గది బాపూ."

"ఎవరుంటరు అండ్ల?"

"ఎవరైనా ఉండొచ్చు. టికెట్టు కొన్నోళ్లు."

"దాని మీద?"

దాని మీద భోజనాల గది, దాని మీద నాట్యం చేసే గది అని చెప్పాను. అన్నిటికన్నా పైన కప్తాను నిలబడి ఓడ నడిపించే చోటని మామ చెప్పాడు. బాపు మెల్లగా నిటారయ్యాడు. ఆయన మొహంలో చాలా నెలల తరువాత రక్తం కనిపించింది.

"అంటే, మేము పండుకుంటే మా నెత్తిమీద తెల్లందాక తకధిమి ఆడుతరు. రెండో ఓడల?"

ఇన్ని నెలలుగా నేను తొక్కిపెట్టిన మాట అప్పుడు బయటికొచ్చింది. అంత హాయిగా నేను మరే నిజమూ చెప్పలేదు.

"రెండూ ఒక్క తీరే బాపూ."

"అయితే రెండూ వద్దు. బావా, మా నెత్తిమీద మనిషి నడిచే జాగల మా ఇంటోళ్లు ఎన్నడు పండుకోలేదు. నేను పండుకోను."

అవ్వ తలుపు పక్కన గోడకు చేరగిలబడింది. మామ కాదనడానికేమీ లేదు, ఆయనా గడి బిడ్డే, ఈ రివాజు ముందు లండనే దిగదుడుపు. అంతా అయిపోయిందనుకుంటున్నాను, సరిగ్గా అప్పుడు పైన తలుపు తెరుచుకుంది. అడుగులు ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాయి. బాపు దిండు మీద ఇంత సున్నం రాలింది. మామ పైకప్పు వైపు చూశాడు. అవ్వ నోరు తెరిచింది, "కోతు..." అనబోయింది. పైనుంచి నిండుగా ఒక దగ్గు వినిపించింది, దాని వెనకే ఒక పద్యం.

తోట మళ్లీ సావుకారు చేతుల్లోకి పోతున్నట్టు నాకు కనిపించింది. బాపు దిండు మీది సున్నాన్ని అరచేత్తో దులిపాడు.

"పైన మాస్టరుంటడు బావా. మంచోడు. చిన్నా, పోయి జమ్మి తీసుకొని కిందికి రమ్మన్నానని చెప్పు. అవ్వా, ఇంకో చాయ ఎక్కువ పెట్టు."

మామ కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు.

"నన్ను లండను ఓడల అడుగు అంతస్తుల ఏసిన్రు బావా. దిగేదాక నా నెత్తిమీద ఎవడో బూట్లేసుకొని తిరిగిండు. ఇంట్ల కూడ చెప్పలే. మీ మాస్టరు నయం, చెప్పులిడిచి నడుస్తుండు."

బాపు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. నేను చూసినంతవరకు అదే మొదటిసారి. నేను పైకి పోయి పిలిస్తే మాస్టరు కంగారు పడి, చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని, జమ్మి పట్టుకుని మెట్లు దిగాడు. ఇన్నేళ్లుగా ఆయన మునివేళ్ల మీదే నడుస్తున్నాడట. అవి మునివేళ్లయితే పూర్తి పాదాలు ఎలా ఉండేవో అని అవ్వ తరువాత చాలాసార్లు అనుకుంది. సాయంత్రం సావుకారు వస్తే, చెట్లు మంచి కాపు వయసులో ఉన్నాయి, అమ్మే ఆలోచన లేదని బాపు వాకిట్లోనే చెప్పి పంపేశాడు. ఆ రోజు నుంచి మా ఇంటికి కోతులు రావడం మానేశాయి. మాస్టరే వచ్చేవాడు, సాయంత్రాలు కిందికి దిగి వచ్చి పద్యాలు వినిపించేవాడు.

గడిలో మిగిలిన గదులు కూడా ఇప్పుడు లేవు. నేనుండేది నాలుగంతస్తుల ఇంట్లో అడుగు వాటా. పైవాళ్లు కుర్చీలు లాగుతారు, పప్పు రుబ్బుతారు, పండుగలొస్తే పిల్లలు గంతులేస్తారు. వాళ్ల మీదివాళ్లు ఏం చేస్తారో వాళ్లకే తెలియాలి. గడికి వారసుణ్ని కదా, మొదట్లో కోపం తెచ్చుకోవాలని చూశాను, నిలవలేదు. ఇప్పుడు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నెత్తిమీద అడుగులు వినబడతాయి. నేను కళ్లు తెరవను. దీవులు వస్తున్నాయనుకుంటాను. ఎక్కింది ఎర్ర ఓడో నీలం ఓడో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.