దిష్టి గిన్నె కింద గడియారం

మాది నేత బట్టల వ్యాపారం. బెజవాడ వన్‌టౌన్‌లో నాన్న కోటిలింగం గారికి కొట్టుంది. అక్కడ గుడ్డ కొలవడం చేతకాక నేను సెకన్లు కొలిచే పనిలో చేరాను. ఉపగ్రహాల నుంచి టైము పట్టుకునే గడియారాలను సబ్‌స్టేషన్లలో బిగిస్తాను. కరెంటు పోయినప్పుడు ఏ లైను ముందు పడిపోయిందో తేలాలంటే అన్నిచోట్లా ఒకటే టైము ఉండాలి మరి. నేను మాత్రం ఏ పెళ్లికైనా భోజనాలయ్యాకే చేరతాను.

కంకిపాడు దగ్గరి సబ్‌స్టేషన్ నాకు అప్పగించిన మొదటి పని. గడియారం సరిగ్గా ఉందని ఇంజినీరు హెలెన్ మేడం ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయం, హనుమాన్ జంక్షన్ పనీ నాదే. లేదంటే మళ్లీ కొట్లో కూర్చుని చీరలు మడతపెట్టుకోవాలి.

ముందురోజు డాబా మీద యాంటెన్నా బిగించగానే ఉపగ్రహాలు వరసగా దొరికి పచ్చ లైటు వెలిగింది. తీరా మేడం వచ్చే రోజు చూస్తే ఎర్ర లైటు. ఒక్క ఉపగ్రహమూ లేదు. కేబులు పీకి మళ్లీ పెట్టాను. సెట్టింగులన్నీ తిరగేశాను. గడియారం తయారుచేసినవాళ్లని నోరారా తిట్టాను. ఆఖరికి ఆకాశంలోనే ఏదో జరిగిందని వాచ్‌మన్ బసవపున్నయ్య గారికి గంభీరంగా చెప్పాను.

"అట్టాగా అండీ," అన్నాడాయన మర్యాదగా.

అంతలో వాన మొదలైంది. డాబా మీంచి టంగు టంగుమని చప్పుడు. అది మా వంటింటి చప్పుడు.

"కొత్త మిషనురా, అందరి కళ్లూ దాని మీదే ఉంటయ్. మట్టి కుండయితే కోతులు పగలగొడతయ్," అంటూ అమ్మ మల్లీశ్వరి స్టీలు గిన్నెకి మిడిగుడ్లూ మీసాలూ గీసి ఇచ్చి పంపింది. ముందురోజు సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు దాన్ని యాంటెన్నా మీద బోర్లించి కట్టింది ఈ ఘనుడే. దిష్టి బొమ్మని మిషనులో భాగంగా ఎవడు లెక్కేస్తాడు? లోహం అడ్డముంటే సిగ్నల్ అందదని పోయిన నెల పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

తడుస్తూ ఎక్కి, గిన్నె ఊడదీసి దిగేసరికి నిచ్చెన కింద హెలెన్ మేడం గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏంటండీ అది?"

"ఎవరో యాంటెన్నా మీద పెట్టారండీ. జనాలకి బుద్ధుండదు."

ఆవిడ గిన్నె అందుకుని, అంచు మీద చెక్కిన అక్షరాలు తీరిగ్గా చదివారు. "చిరంజీవి ఉమామహేశ్ అన్నప్రాశన సందర్భంగా." తర్వాత నా మెడలో కార్డు మీది పేరు చదివారు. రెండూ ఒకటే. బసవపున్నయ్య గారు అటు తిరిగి దగ్గారు. నాకు ఆ నిచ్చెనే మళ్లీ ఎక్కి పారిపోవాలనిపించింది.

లోపల మళ్లీ పచ్చ లైటు వెలిగింది. మేడం తన వెంట తెచ్చిన ఉపగ్రహ రిసీవరుతో టైము సరిచూసుకున్నాక అన్నారు: "జంక్షన్ పని కూడా మీరే చూడండి. గిన్నె మాత్రం ఇంట్లో ఇచ్చెయ్యండి."

ఇంటికెళ్లి ఉద్యోగం ఖాయమైందని చెప్పాను. గిన్నె సంగతి ఎత్తబోయేలోపే అమ్మ కళ్లు తుడుచుకుంది.

"చూశావా, దిష్టంతా అదే లాగేసింది. జంక్షన్లో జనం ఎక్కువ, ఇది చాలదు," అంటూ అటక మీంచి గంగాళం దింపమంది.