ఆయ్, ముట్టమండి

హైదరాబాదులో నేను అద్దెకున్న ఇంటివాళ్ళు మంచివాళ్ళు. ఈ మాట ముందే చెప్పాలి. జరిగిందంతా చెప్పాక అంటే ఎవరూ నమ్మరు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడని నేను ఆంటీ అనేదాన్ని. కింద వాళ్ళు ఉండేవారు. పైన నాకొక గది, చిన్న వంటిల్లు, బట్టలారేసుకోవడానికి మేడ. ల్యాబుకి నడిచి వెళ్ళేంత దూరం.

ఇల్లు చూపించిన బ్రోకరే నా గురించి వాళ్ళకి చెప్పాడు. "ప్యూర్ వెజ్ అండీ. సైంటిస్టు. పద్ధతైన అమ్మాయి." అప్పటికి చాలా ఇళ్ళు తిరిగి ఉన్నాను. కొన్నిచోట్ల గుమ్మంలోనే "మీరేమిట్లు?" అని కులం అడిగారు. నా పేరు చూస్తే ఏమీ తెలియదు. మా ఊళ్ళో చర్చికి వెళ్ళే చాలామందికి సర్టిఫికెట్లలో ఇలాంటి పేర్లే ఉంటాయి. ఆంటీ నావైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. అబద్ధం నేను ఆడలేదు, ఆడినవాణ్ణి ఆపలేదంతే.

ల్యాబులో నా పని చేపలతో. వేలెడంత కూడా ఉండని చారల చేపలు, గాజు తొట్లలో వరసగా ఉంటాయి. వాటి గుడ్లు నీళ్ళలా తేటగా ఉంటాయి కాబట్టి మైక్రోస్కోపు కింద పెడితే లోపల గుండె తయారవడం కనిపిస్తుంది. ఆ గుండె ఎక్కడ దారి తప్పుతుందో చూడటం నా పరిశోధన. చేపలకి సెలవులుండవు. ఆదివారం మేత వేసే వంతు ఎవరికీ ఇష్టం ఉండేది కాదు, నేను అడిగి మరీ తీసుకునేదాన్ని. చర్చికి ఎందుకు వెళ్ళలేదని అమ్మ అడిగితే చెప్పడానికి ఒక కారణం దొరికేది.

పొద్దున్న బండి మీద ఇడ్లీ, మధ్యాహ్నం క్యాంటీను. క్యాంటీనులో చేపల వేపుడు పెట్టిన రోజున రెండు ముక్కలు తిని, సబ్బుతో చేతులు కడిగి, సోంపు నములుతూ ఇంటికి వెళ్ళేదాన్ని. ఒకసారి ఆంటీ ముక్కు ఎగబీల్చి, "ఏదో వాసన వస్తోందే" అంది. "ల్యాబులో చేపలండీ, బట్టలకి పట్టేస్తుంది" అన్నాను. "అయ్యో పాపం" అంది ఆవిడ. ఆ సాయంత్రం స్టీలు గిన్నెలో గుత్తివంకాయ కూర తెచ్చి మెట్ల మీద పెట్టింది. "రోజంతా నిలబడి చేసే పని, ఏం తింటావో ఏమో." ఆ కూర చాలా బాగుంది. మర్నాడు గిన్నె తోమి, ఆవిడ గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను.

వానాకాలం చివర నాకు డెంగీ వచ్చింది. ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్ళింది ఆంటీయే. అమ్మ టీచరు, స్కూల్లో పరీక్షలు, సెలవు దొరకలేదు. దాంతో అమ్మమ్మ బయల్దేరింది. మా ఊరు విడిచి, రాజోలు దాటి ఎక్కువ తిరిగిన మనిషి కాదు. కోతలకీ ఊడ్పులకీ వెళ్ళి అమ్మని చదివించింది. తెలిసినవాళ్ళతో బస్సెక్కి, బట్టల సంచీతో, జిప్పు కవరులో పెట్టుకున్న బైబిలుతో దిగింది.

వచ్చిన రోజే కొంగు దోపి వంటింట్లోకి వెళ్ళింది.

"ఇక్కడ కొర్రమీను ఎక్కడ దొరుకుద్దమ్మలూ? జ్వరం పడ్డ ఒంటికి పులుసు పడితే గానీ లేవవు. ఎండు రొయ్యలు తెచ్చేను, ఈ పూటకి అవి వండేస్తాను."

"వద్దు అమ్మమ్మా."

"ఏం, నోరు చేదుగా ఉందా?"

"అది కాదు. ఇక్కడ వండకూడదు. ఇంటివాళ్ళు తినరు. మనం కూడా తినమనుకుంటున్నారు."

ఆవిడ రొయ్యల పొట్లం పట్టుకుని అలాగే నిలబడింది. "ఎందుకనుకుంటున్నారు?"

"బ్రోకరు చెప్పాడు."

"నువ్వేం చెప్పేవు?"

నేనేం చెప్పలేదన్నాను. ఆవిడ పొట్లాన్ని కవరులో చుట్టి, మళ్ళీ ఇంకో కవరులో చుట్టి, సంచీ అడుక్కి తోసేసింది. ఆ పూట పెసరపప్పు వండింది.

మర్నాడు మెట్ల మీద ఆంటీ అడుగుల చప్పుడు వినిపించింది. అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని బైబిలు చదువుకుంటోంది. నేను ఏమీ అనలేదు, కనీసం అటు చూడలేదు కూడా. ఆవిడే లేచి, బైబిలు మూసి, నా దిండు కిందకి తోసింది. అలా తోసేటప్పుడు నా తల కింద దిండు కొంచెం కదిలింది.

ఆంటీ మిరియాల చారు తెచ్చింది. ఇద్దరూ ఇట్టే కలిసిపోయారు. వానలు, మోకాళ్ళ నొప్పులు, కొబ్బరికాయ రేటు. అమ్మమ్మ గ్లాసులో చారు ఊదుకుంటూ తాగుతోంది. ఆంటీ గొంతు తగ్గించి చెప్పింది.

"మీ మనవరాలు బంగారమండీ. ఇదివరకు పైనున్నవాళ్ళు మాకు తెలీకుండా ఎండుచేపలు వండేవారు. మా ఆయన సామాను సర్దుకోమన్నారు. మీరు కూడా నీచు ముట్టరు కదండీ?"

అమ్మమ్మ నావైపు చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. నిద్రలో ఉన్నట్టు.

"ఆయ్," అంది అమ్మమ్మ. "ముట్టమండి."

అమ్మమ్మ అబద్ధమాడటం నేను వినడం అదే మొదలు. మా ఊళ్ళో గట్టు తగాదాల్లో కూడా ఆవిడ మాటంటే రెండువైపులా ఒప్పుకునేవారు. ఆంటీ దిగి వెళ్ళాక నేను కళ్ళు తెరిచాను. అమ్మమ్మ గ్లాసు కడుగుతోంది. చాలాసేపు కడిగింది.

ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక అమ్మమ్మని ల్యాబుకి తీసుకెళ్ళాను. మైక్రోస్కోపులో గుడ్డు చూపించాను. మొదట ఆవిడకేమీ కనబడలేదు. తరవాత ఒక్కసారిగా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కొట్టుకుంటోందే!" అంది. "స్తోత్రం, స్తోత్రం" అని గొణిగింది. గాజు తొట్ల వరసల మధ్య నడుస్తూ, "పొద్దస్తమానం చేపల్లోనే ఉండి, ఇంటికెళ్ళి ముట్టవని చెబుతున్నావన్నమాట" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. జ్వరం తాలూకు నీరసం అనుకుందో, అనుకున్నట్టు నటించిందో తెలియదు.

ఆవిడ ఊరికి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ పనిలో పడ్డాను. ఒక ఆదివారం చేపలకి మేత వేస్తుంటే అమ్మ ఫోను చేసింది.

"అక్కడేమైనా జరిగిందా? ఇవాళ అమ్మమ్మ ప్రభువు బల్ల తీసుకోలేదు. అందరం లేచి ముందుకెళ్తే తను కూర్చునే ఉంది. ఒంట్లో బాలేదా అంటే బానే ఉందంటోంది. నాకు ఊహ తెలిశాక ఎప్పుడూ ఇలా చెయ్యలేదు."

మా చర్చిలో నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో ఏదైనా తప్పో పగో ఉంటే తీసుకోకూడదంటారు. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్ళలో కూడా అందరూ వెళ్ళి తీసుకుంటారు. అమ్మమ్మ మాత్రం ఆ నియమాన్ని నిజంగా నమ్మిన మనిషి. "తెలీదమ్మా" అన్నాను. ఫోను పెట్టేసి, మేత వేసిన తొట్టికే మళ్ళీ మేత వేశాను.

తరవాతి నెల బల్ల రోజుకి ముందు, శనివారం, ఊరికి వెళ్ళాను. దిండి వంతెన మీదకి బస్సు ఎక్కేసరికి తెల్లవారింది. ఇంటికి వెళ్ళేసరికి అమ్మమ్మ పెరట్లో కొబ్బరి మట్టలు ముక్కలు చేస్తోంది. పక్కన కూర్చున్నాను.

"నావల్లే కదా బల్ల తీసుకోలేదు?"

"నీవల్ల ఎందుకమ్మలూ? నా నోటితో నేనే అన్నాను కదా."

"నేను చెప్పించాను."

"నువ్వు కళ్ళు మూసుకున్నావు. అన్నది నేనే. ఆవిడ ఇచ్చిన చారు తాగుతూనే ఆ మాట అన్నాను చూడు, అదే మనసులో ఉండిపోయింది." మట్టలు పక్కకి నెట్టి చేతులు దులుపుకుంది. "ఆవిడకి ఫోను కలుపు."

వద్దన్నాను. ఇల్లు పోతుందన్నాను. సోమవారం నేనే వెళ్ళి నెమ్మదిగా చెబుతానన్నాను. అమ్మమ్మ చెయ్యి చాపి అలాగే ఉంచింది. కలిపి ఇచ్చాను.

"నేనండీ, మీ పైనింటి పిల్ల అమ్మమ్మని. బావున్నారాండీ? మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?... ఆయ్. ఒక మాట చెప్పాలండీ. ఆ రోజు మీరడిగితే ముట్టమన్నాను. ముడతామండి. చేపలు తింటాం, అన్నీ తింటాం. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. అబద్ధం చెప్పింది నేనండీ. అది చిన్నపిల్ల, దాన్నేమీ అనకండి."

నేను పక్కనే ఉన్నాను. ఫోను లాక్కుని "కాదు ఆంటీ, మొదట్నుంచీ నేనే" అనాలి. అన్నాను కూడా, కానీ అప్పటికే ఆలస్యమైంది. అమ్మమ్మ తప్పంతా తన మీద వేసుకోవడం పూర్తయ్యాకే నా నోరు పెగిలింది.

అవతల ఆంటీ "నువ్వొచ్చాక చూద్దాం" అని పెట్టేసింది.

ఆదివారం అమ్మమ్మ లేచి ముందుకి వెళ్ళి బల్ల తీసుకుంది. తిరిగొస్తున్నప్పుడు ఆవిడ మొహం తేలిగ్గా ఉంది. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నేను లేవలేదు.

హైదరాబాదు వెళ్ళాక ఆంటీ అరవలేదు. "తిన్నందుక్కాదమ్మా నా బాధ. అన్నిసార్లు నా చేత్తో పెట్టాను కదా, ఒక్కరోజైనా చెప్పి ఉండాల్సింది" అంది. తరవాత, "మీ అంకుల్ ఒప్పుకోరు. నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకో" అంది. చెప్పి ఉంటే మొదటిరోజే ఇల్లు ఇచ్చేవారు కాదు కదా ఆంటీ, అని కోపంగా అడగాలనిపించింది. ఆ కోపం న్యాయమైనదని నాకు తెలుసు. ఇప్పటికీ తెలుసు. కానీ ఆస్పత్రికి ఆటోలో వెళ్ళినప్పుడు నేను తల పెట్టుకున్నది ఆవిడ భుజం మీదే. ఆ కోపాన్ని ఆవిడ మీద చూపించడం నాకు చేతకాలేదు. సామాను దించుతుంటే అంకుల్ పైకి వచ్చి కుళాయిలన్నీ తిప్పి చూశారు. ఆంటీ గేటు దగ్గర నిలబడి, "అమ్మమ్మ గారిని అడిగానని చెప్పు" అంది.

ఇప్పుడున్న ఇంట్లో ముందే చెప్పాను. "తింటామండీ, చర్చికి వెళ్తామండీ." ఇంటాయన సెల్లులోంచి తల ఎత్తకుండానే, "మోటారు మాత్రం కట్టెయ్యడం మర్చిపోకమ్మా" అన్నాడు. అంతే. అంత తేలికైన మాట కోసం అన్నాళ్ళు సోంపు నమిలానా అనిపించింది. అమ్మమ్మని రమ్మంటే ఎండలు తగ్గనీ అంటుంది. ఎండలు తగ్గి చలి కూడా వచ్చింది.

మొన్న రైతుబజారులో ఆంటీ కనబడింది. కాస్త చిక్కింది. "ఎలా ఉన్నావ్, పరిశోధన ఎంతవరకు వచ్చింది?" అని మామూలుగానే పలకరించింది. మాటల మధ్యలో ఆవిడ చూపు ఒక్కసారి నా చేతిలోని సంచీ మీదకి వెళ్ళింది. నేను చప్పున దాన్ని వెనక్కి పెట్టుకున్నాను. అందులో ఉన్నవి బెండకాయలు, కొత్తిమీర.