పడుకొని చూసిన దారి

పోయిన శుక్రవారం పొద్దున మగ్గం గుంతలోకి దిగబోతుంటే ఎదురింటి కోడలు మా గడపలోకి వచ్చి నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి. కొంగుకు కూడా తుడుచుకోలేదు.

"అక్కా, మా అత్త పోయింది" అనింది.

తెల్లవారుజామున నమాజు చేసుకొని, ఆ చాప మీదే పక్కకు ఒరిగి పడుకునిందంట. కునుకు తీస్తాందిలే అనుకొని, టీ కాచి పిలిస్తే పలకలేదంట. నేను గుంతలోకి దిగలేదు, బయటికీ పోలేదు. మగ్గం పలక మీద అట్లే కూర్చుండిపోయినా. సందులో మిగతా మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోవడం వినిపిస్తా ఉండింది. కబురు ఏ ఇంటిదాకా పోయిందో ఆ చప్పుడును బట్టే తెలుస్తా ఉండింది.

ఆమె నాకు చుట్టం కాదు. మా ధర్మవరంలో ఈ సందు ఎంత ఇరుకంటే, వాళ్ళింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. ఊళ్ళో వాళ్ళకు ఆమె బొంతల అవ్వ. పాత చీరలు తెచ్చిస్తే పొరలు పొరలుగా పరిచి, గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకొని, రోజంతా బొంత కుట్టేది. సూదిలో దారం ఎక్కించలేని వయసు వచ్చినాక, సందులో పోయే పిల్లల్ని పట్టుకొని ఎక్కించుకునేది. మాకు మాత్రం ఒట్టి అవ్వే.

ఆమె ఎట్లాంటి మనిషో మీకు చెప్పాలంటే, మా పాపను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజు గురించి చెప్పాల.

పాప తుంటి ఎముక పుట్టుకతోనే గూటిలోంచి జారి ఉండిందంట. నడక వచ్చినాక, ఒక పక్కకు ఒరిగి నడుస్తా ఉంటే డాక్టర్లు కనుక్కున్నారు. బడిలో వేసే ఈడుకు బెంగళూరులో ఆపరేషన్ చేసినారు. రొమ్ము కింద నుంచి రెండు కాళ్ళదాకా పిండికట్టు వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, కదలకుండా నడుమ ఒక కర్ర అడ్డం కట్టినారు. బిడ్డ కూర్చోలేదు, తనంతట తాను పక్కకు తిరగలేదు. ఎముక గూట్లో కుదురుకునిందో లేదో కట్టు విప్పినాక గానీ తెలీదని డాక్టరమ్మ చెప్పింది.

ఆ పొద్దు నుంచి పాప నాతో మాట మానేసింది. నేను మంచం దగ్గరికి పోతే మొహం గోడ వైపు తిప్పుకునేది. మత్తుమందు నిద్రలోంచి లేచి చూసుకుంటే తన ఒళ్ళు తన మాట వినడం లేదు. ఆ నిద్రలోకి పంపింది అమ్మే కదా అని దాని కోపం.

ఇంటికి తీసుకుపొమ్మన్న రోజు, మా ఆయన స్నేహితుడు వెనక సీట్లు తీసేసి వ్యాను తెచ్చినాడు. తలుపు తీస్తే లోపల అవ్వ కూర్చొని ఉంది. కింద బొంతల మీద బొంతలు పరిచి, పాప కట్టు ఆకారానికి తగ్గట్టు గుంతలు గుంతలుగా ఒత్తి పెట్టింది.

"ఇంత దూరం నువ్వెందుకొచ్చినావవ్వా?" అన్నా.

"బొంతలు వాటంతట అవే వస్తాయామ్మా?" అనింది.

బయలుదేరినాం. మా ఆయన ముందర కూర్చున్నాడు. నేను పాప కాళ్ళ దగ్గర, అవ్వ తల దగ్గర. ఊరు దాటేదాకా పాప కండ్లు మూసుకొనే ఉండింది. రాళ్ళ కొండలు మొదలయ్యే చోట, ఆపరేషన్ అయినాక మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"అవ్వా, నాకు కిటికీలోంచి ఏమీ కనపడలే."

లేపి చూపించడానికి లేదు. నేను ఏదో సర్దిచెప్పబోయినా. అవ్వ నాకు చేయి అడ్డం పెట్టి, చెప్పులు విడిచి, ముసుగు సర్దుకొని, పాప పక్కన వెల్లకిలా పడుకునింది. తల పాప తలకు ఆనించింది.

"ఏదీ, నీకేం కానొస్తాందో నేనూ చూస్తా" అనింది.

ఇద్దరూ కిటికీ వైపే కండ్లు పెట్టి చూసినారు.

"తీగలు" అనింది పాప.

"అవును, కరెంటు తీగలు. పైకి పోతాండాయా, కిందికి దిగుతాండాయా?"

"కిందికి పోతాండాయి... మళ్ళా పైకి ఎగురుతాండాయి."

"ఊయల మాదిరి."

తర్వాత వేపచెట్ల కొసలు వచ్చినాయి. ఒక గద్ద మాతోబాటే కొంతదూరం వచ్చింది. వంతెన కిందకు పోయినప్పుడల్లా చీకటై, మళ్ళా వెలుగొచ్చేది. చీకటి వచ్చినప్పుడు ఇద్దరూ కండ్లు మూసుకోవాల, వెలుగు రాంగానే తెరవాల. ఆ ఆట ఎవరు మొదలుపెట్టినారో నాకు తెలీదు. వాన లేని మబ్బులు తెల్లగా, నింపాదిగా పోతా ఉన్నాయి. ఒకదానికి కొమ్ములున్నాయని పాప, కాదు పొట్టేలు తోకని అవ్వ. ఎన్నోసార్లు బస్సులో పోయిన దారే అది. ఆ రోజు ఆ ఇద్దరి మాటలు వింటా ఉంటే, ఎండిపోయిన మా నేలకు పైన ఇంకొక దేశం ఉన్నట్టు, మేము దాని కింద మెల్లగా ఈదుకుంటా పోతున్నట్టు అనిపించింది.

సోమందేపల్లెలో టీకి ఆపినప్పుడు వ్యాను తోలే మా ఆయన స్నేహితుడు వెనక్కి తిరిగి, "అవ్వా, లేచి కూర్చో. నడుం పట్టేస్తాది" అన్నాడు.

"నా నడుం సంగతి నేను చూసుకుంటా. నువ్వు గుంతలు చూసుకోప్పా" అనింది అవ్వ, పడుకునే.

పాప నవ్వింది. నవ్వి, నా వైపు చూసి, "అమ్మా, నువ్వూ పండుకో" అనింది. రెండో పక్కన జాగా లేదు. కాళ్ళ దగ్గరే ముడుచుకొని పడుకున్నా. నాకు వ్యాను పైకప్పు తప్ప ఏమీ కనపడలేదు. అయినా పెనుకొండ కొండ వచ్చేదాకా పాప చెప్పిందానికల్లా ఊ కొడతానే ఉన్నా.

ఇంటికి చేరినాక అసలు భయం పట్టుకునింది. ఆసుపత్రిలో నర్సులు తిప్పి పడుకోబెట్టేవాళ్ళు. ఇంట్లో నేనే. ఎక్కడ పట్టుకుంటే ఏమవుతుందో అని చేయి చాపి మళ్ళా వెనక్కి తీసుకునేదాన్ని.

"నీకు తెలుసా అవ్వా ఎట్ల తిప్పాలో?" అని అడిగినా.

"నాకేం తెలుసు. నువ్వు ఆ పక్క పట్టు, నేనీ పక్క పడతా. భయపడే చేతులే బిడ్డను నొప్పిస్తాయి."

నేసిన పట్టుచీరను నలగకుండా మగ్గం మీంచి దించినట్టు, ఇద్దరం కలిసి తిప్పినాం. రోజూ వచ్చేది. ఎండాకాలం మొదలై, కట్టు లోపల దురదతో పాప ఏడ్చేది. లోపలికి ఏ పుల్లా పెట్టకూడదని డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది. అవ్వ తన పొయ్యికాడి ఊదుగొట్టాన్ని తోమి, కడిగి, ఎండబెట్టి తెచ్చింది. కట్టు అంచుకు దూరంగా పట్టుకొని మెల్లగా ఊదేది. పాప ఏడుపు ఆపి, కండ్లు అరమోడ్చేది. మధ్యాహ్నాలు మగ్గం చప్పుడు, అవ్వ ఊపిరి చప్పుడు, వాటి నడుమ పాప నిద్ర. ఆ కాలమంతా నాకు ఇప్పుడు ఒక్కటే మధ్యాహ్నం మాదిరి గుర్తుంది.

ఒకసారి ఉండబట్టలేక అడిగినా, మాకెందుకింత చేస్తావని.

"తలుపు తీస్తే మీ ఇల్లే కానొస్తాది. ఇంక యాడ చూడాల నేను?" అనింది.

కట్టు విప్పినారు. ఎముక కుదురుకునిందని డాక్టరమ్మ చెప్పింది. కాళ్ళు మాత్రం సన్నగా, బెరడు ఊడిన పుల్లల మాదిరి ఉన్నాయి. ఇంక నిలబెట్టి నడిపించండి అన్నారు. పాప నేల మీద కాలు పెట్టననేది. పెడితే విరుగుతుందని దాని భయం. మేము బతిమాలినాం, కోప్పడినాం. అవ్వ ఒక్కమాట కూడా తొందరపెట్టలేదు. "ఎముకకు తొందర లేదు. తొందర మీకే" అనేది.

ఇప్పుడు ఆ పాప అనంతపురంలో డిగ్రీ చదువుతాంది. శుక్రవారం కబురు తెలిసి బస్సు దిగి, సంచి కూడా మా ఇంట్లో పెట్టకుండా నేరుగా ఎదురింట్లోకి పోయింది. అవ్వ పాదాల దగ్గర కూర్చొని, కప్పిన గుడ్డ మీద చేయి పెట్టుకొని, తీసుకుపోయేదాకా లేవలేదు. మగవాళ్ళు భుజాల మీద ఎత్తుకొని సందు మలుపు తిరిగినాక, అవ్వ కోడలూ నేనూ పాపా గడపలో నిలబడి చాలాసేపు ఖాళీ సందునే చూస్తా ఉండిపోయినాం.

నాకు ఆ సందులో ఎన్నో ఏండ్ల కిందటి ఒక పొద్దు కనిపించింది.

ఎండ ఇంకా గోడల పైనే ఉంది, నేల చల్లగా ఉంది. అవ్వ మా పాపను గడప మీద నిలబెట్టి, దాని రెండు చేతులూ పట్టుకొని, తను వెనక్కి ఒక అడుగు వేసింది. పాప ముందుకు ఒకటి వేసింది. మళ్ళా ఒకటి. ఎప్పుడు వదిలిందో, చేతులు వదిలేసి, అరచేతులు మాత్రం చాపి పట్టుకొని అట్లే వెనక్కి నడుస్తా పోయింది. మగ్గాలు ఆపి జనం గడపల్లోకి వచ్చినారు. ఎవరో దారిలో ఉన్న బిందె పక్కకు జరిపినారు, ఎవరో మేకను లాగి పట్టుకున్నారు. అవ్వ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. పాప మొహమే చూస్తా, వీపుతోనే దారి వెతుక్కుంటా, ఆ ముసలామె సందు చివరి వెలుగులోకి నడుచుకుంటా పోతానే ఉంది.