పెద్దబాపు అడిగిన నెమ్మది

పోయిన మంగళవారం పొద్దున కోరుట్లలో నా కంప్యూటర్ రిపేర్ షాపు షట్టర్ ఎత్తుతుంటే సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. మా నాన్నకు అన్న, నాకు పెద్దబాపు, ఇక లేడు. ముందు ఏడుపు రాలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

ఆయన మరమగ్గాల చీరలకు అంచు డిజైన్లు గీసేవాడు. మొదట గళ్ల కాగితం మీద, తర్వాత ఒక పాత కంప్యూటర్లో. ఆయన గీసినదాన్ని బట్టే, ఏ దారం లేవాలో మగ్గానికి చెప్పే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. చాయ్ చల్లారిపోయినా తెర ముందు నుంచి లేచేవాడు కాదు.

మూడు నెలల కింద ఆ కంప్యూటర్ చచ్చింది. కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు ఆ పాత సాఫ్ట్‌వేర్ ఆజ్ఞలు తెలియవు. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. చివరికి పాత ప్రాసెసర్‌లా నటించే ఎమ్యులేటర్ ఎక్కించి నడిపించాను. ఆ ఆజ్ఞల మీద కూడా కంపెనీలకు పేటెంట్లుంటాయని చెబితే నవ్వాడు. నీ కాలం నాటి పేటెంట్లకు గడువు తీరింది, ఎవరూ అడగరులే అన్నాను.

"గడువు తీరిందంటె పనికిరాదని కాదు బిడ్డా, అందరిదైందని" అన్నాడు.

మర్నాటి నుంచే ఫోన్లు. పాత కంప్యూటర్లో డిజైన్ ఒక్కో వరుసే మెల్లగా కిందికి దిగేది. ఆయన నోట్లో లెక్కపెట్టుకుంటూ తప్పు పట్టేవాడు. ఎమ్యులేటర్లో డిజైన్ చుక్కలన్నీ రెప్పపాటులో వచ్చి పడుతున్నాయి.

"గింత జల్ది అస్తె తప్పెట్ల దొరుకుతది బిడ్డా? జర మెల్లగ చెయ్యరాదు?"

లోకమంతా స్పీడు కావాలని నా ప్రాణం తీస్తుంటే ఈయనకు నెమ్మది కావాలట. విసుక్కున్నాను. ఎమ్యులేటర్లో వేగానికి ఒక అంకె ఉంటుంది, అది తగ్గిస్తే చాలు, రెండు నిమిషాల పని. అయినా నేనే వచ్చి చేస్తా, ఆదివారం దాకా ఆగమన్నాను. రాయికల్‌లో ఎవరిదో ప్రింటర్, జగిత్యాలలో ఎవరిదో బిల్లింగ్. అట్లా నాలుగు ఆదివారాలు పోయాయి.

అవతల చీరలు నేయించే సేటు తొందర పెడుతుంటే ఆగలేక, వరుసలు సరిచూసుకోకుండానే డిజైన్ ఇచ్చేశాడు. నేసిన చీరల అంచులో ప్రతి మూడో హంసకూ మెడ తెగింది. సేటు తర్వాతి పని ఇంకొకరికి ఇచ్చాడు.

"నాకు కండ్లు పోయినయనుకుంటున్నరు" అన్నాడు పెద్దబాపు ఫోన్లో. నాతో అదే ఆఖరి మాట.

నిన్న సిరిసిల్లలో ఆయన కుర్చీలో కూర్చుని ఆ అంకె తగ్గించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ హంసల డిజైన్ తెరిస్తే వరుసలు ఒక్కొక్కటే దిగడం మొదలైంది. మూడో హంస మెడ దగ్గర ఒక వరుస ఖాళీగా దిగింది. నేత రాని నాకు కూడా కనబడింది.